యూబీఎస్ కేసు: ఉప్పందించినవాడికి 40 నెలల శిక్ష, 104 మిలియన్ డాలర్ల బహుమతి

విదేశీ ఖాతాల్లో దాచిన సొమ్ము గురించి ప్రభుత్వానికి ఉప్పందిస్తే ఎంత ముడుతుందన్న చర్చ ఎక్కడ వచ్చినా బ్రాడ్లీ బర్కెన్‌ఫెల్డ్ పేరు రాక తప్పదు. స్విస్ బ్యాంకు యూబీఎస్ జెనీవా శాఖలో పనిచేసిన అమెరికన్ అతను. 2012 సెప్టెంబరులో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అతనికి 104 మిలియన్ డాలర్ల బహుమతి ఇచ్చింది. అప్పటికి అతను ఫెడరల్ జైలు గేటు దాటి ఆరు వారాలే అయింది. బహుమతీ జైలూ రెండూ ఒకే వ్యవహారంలోంచి వచ్చాయి. ఎందుకలా అయిందో విడమర్చుకుంటే, ఇన్‌ఫార్మర్లకు డబ్బిచ్చి పన్ను ఎగవేతను పట్టే పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ బెడిసికొడుతుందో తేటగా కనిపిస్తుంది.

ఈ కేసును ఒక బ్యాంకరు పేర్ల జాబితా పట్టుకొచ్చి ఇచ్చిన కథగా చాలామంది చెప్పుకుంటారు. అసలు విలువ పేర్లలో లేదు. బ్యాంకు ఆ ఖాతాలను ఎలా దాచిందో, ఏ ఫారం మీద ఏం రాయించిందో, ఎవరు ఏ పేరుతో ప్రయాణించారో చెప్పడంలో ఉంది. పేరొక్కటే తెలిస్తే ఒక ఖాతాదారు దొరుకుతాడు. పద్ధతి తెలిస్తే బ్యాంకే దొరుకుతుంది.

బ్యాంకు లోపల జరిగింది

2001 నుంచి అమెరికా విదేశీ బ్యాంకులతో ‘క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీ’ ఒప్పందాలు అమలు చేసింది. యూబీఎస్ కూడా సంతకం పెట్టింది. ఒప్పందం సారాంశం ఇది. అమెరికా షేర్లు, బాండ్లు ఉన్న ఖాతాదారు అమెరికన్ అయితే బ్యాంకు అతని దగ్గర డబ్ల్యూ-9 ఫారం తీసుకుని ఆదాయాన్ని ఐఆర్‌ఎస్‌కు తెలియజేయాలి. అమెరికన్ కాకపోతే డబ్ల్యూ-8బెన్ తీసుకుని, వర్తించే పన్ను మినహాయించి జమ చేస్తే చాలు, పేరు చెప్పక్కర్లేదు. విదేశీయుల పేర్లు గుట్టుగా ఉంటాయన్న ఈ వెసులుబాటే సందుగా మారింది.

డబ్ల్యూ-9 ఇవ్వడానికి ఇష్టపడని అమెరికన్ ఖాతాదారులకు రెండు దారులు మిగిలాయి. ఒకటి, అమెరికా షేర్లన్నీ అమ్మేసి వేరే దేశాల పెట్టుబడుల్లోకి మారడం. రెండోది, పనామా, హాంకాంగ్, బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్, లీచ్‌టెన్‌స్టీన్ లాంటి చోట్ల ఒక డొల్ల కంపెనీ పెట్టి ఖాతాను దాని పేరుకు మార్చడం. ఆ కంపెనీ తరఫున డబ్ల్యూ-8బెన్ మీద ‘అసలు యజమాని అమెరికన్ కాదు’ అని రాసిచ్చేవారు. డబ్బు కదల్లేదు, దాన్ని వాడుకునే మనిషి మారలేదు, కాగితం మీద యజమాని మాత్రం మారాడు.

అమెరికాలో లైసెన్సు లేకుండా అక్కడి ఖాతాదారులకు పెట్టుబడి సలహాలివ్వడం ఇంకో నేరం. అయినా స్విట్జర్లాండ్ నుంచి బ్యాంకర్లు క్రమం తప్పకుండా వెళ్లేవారు. మయామీ ఆర్ట్ ప్రదర్శనలు, పడవ పందేలు లాంటి ధనవంతులు గుమిగూడే చోట్లు చూసుకుని ఖాతాదారులను కలిసేవారు. ఎన్‌క్రిప్ట్ చేసిన లాప్‌టాప్‌లు వాడేవారు, అధికారుల కంట పడకుండా ఎలా మసలుకోవాలో శిక్షణ కూడా పొందేవారు. 2004లోనే ఇలాంటి భేటీలు సుమారు 3,800 జరిగాయని అమెరికా ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. అమెరికన్ల అప్రకటిత సొమ్ము దాదాపు 20 బిలియన్ డాలర్లు, దాని మీద బ్యాంకుకు ఏటా వచ్చే ఆదాయం సుమారు 200 మిలియన్ డాలర్లు అని బర్కెన్‌ఫెల్డ్ నేరాంగీకార పత్రంలో ఉంది. ఒక ఖాతాదారు కోసం టూత్‌పేస్ట్ ట్యూబులో వజ్రాలు దాచి అమెరికాకు తెచ్చానని కూడా అతను ఒప్పుకున్నాడు. పత్రికలన్నీ ఈ వజ్రాల సంగతినే పట్టుకున్నాయి. కేసు నిలబెట్టింది మాత్రం డబ్ల్యూ-8బెన్.

2005లో బ్యాంకు అంతర్గత వెబ్‌సైట్‌లో అతనికి ఒక పత్రం కనిపించింది. తమతో రోజూ చేయిస్తున్న పనులే నిషిద్ధమని అందులో రాసి ఉంది. రేపు ఏదైనా జరిగితే నెపం బ్యాంకర్ల మీదికి నెట్టి బ్యాంకు చేతులు దులుపుకోవడానికే ఆ పత్రం పెట్టారని అతనికి అర్థమైంది. లోపల ఫిర్యాదు చేశాడు, ఆ అక్టోబరులో రాజీనామా చేశాడు. ఇన్‌ఫార్మర్‌గా అతని చేతిలో ఉన్న అత్యంత విలువైన ఆధారాల్లో ఇది ఒకటి. ఉద్యోగి చేసిన తప్పు బ్యాంకుకు తెలియదనే వాదనకు ఆ పత్రమే జవాబు. ఏది నిషిద్ధమో బ్యాంకుకు స్పష్టంగా తెలుసనీ, తెలిసే జరగనిచ్చిందనీ అది చెబుతుంది.

ఎగవేత వేరు, మోసం వేరు

ఈ కేసులో అందరూ దాటేసిపోయే ముఖ్యమైన మలుపు ఇక్కడుంది. స్విస్ చట్టంలో ఆదాయం చూపకపోవడం, అంటే ఉత్త ఎగవేత, క్రిమినల్ నేరం కాదు. జరిమానాతో పోయే తప్పు. నకిలీ పత్రాలతో పన్నుశాఖను మోసగిస్తేనే నేరం. అమెరికా-స్విట్జర్లాండ్ 1996 పన్ను ఒప్పందం కూడా ‘పన్ను మోసం, దానిలాంటివి’ ఉన్నప్పుడే సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంది. పైగా 1934 నాటి బ్యాంకింగ్ చట్టం 47వ అధికరణం కింద ఖాతాదారుల వివరాలు బయటపెట్టిన ఉద్యోగికి శిక్ష పడుతుంది.

కాబట్టి ‘ఫలానా అమెరికన్‌కు జెనీవాలో ఖాతా ఉంది, పన్ను కట్టలేదు’ అని ఎన్ని పేర్లు తెచ్చినా అప్పట్లో స్విస్ ప్రభుత్వం తలుపు తీసేది కాదు. ‘ఫలానా ఖాతాకు డొల్ల కంపెనీ ముసుగు వేసి, దాని పేర డబ్ల్యూ-8బెన్ మీద అబద్ధం రాయించారు’ అంటే అది ఎగవేత గీత దాటి మోసంలో పడుతుంది. 2009 ఫిబ్రవరిలో స్విస్ నియంత్రణ సంస్థ ఫిన్‌మా అనుమతితో మొదటి విడతగా అప్పగించిన సుమారు 250 మంది పేర్లు ఈ కోవవే. గోడ ఎక్కడ పలచగా ఉందో చూపించినవాడు లోపలి మనిషి. బయటి నుంచి ఖాతాదారుల వివరాలున్న డిస్కులు కొనుక్కున్నంత మాత్రాన ఈ తేడా తెలియదు.

2007: రెండు తలుపులు

2006 డిసెంబరు 20న అమెరికా చట్టం మారింది. ఇన్‌ఫార్మర్లకు డబ్బివ్వడం అక్కడ 1867 నుంచీ ఉన్నా, అంతవరకూ అది అధికారి దయ. కొత్తగా వచ్చిన 7623(బి) సెక్షన్ దాన్ని హక్కు చేసింది. ఇచ్చిన సమాచారం ఆధారంగా వసూలైన దాంట్లో 15 నుంచి 30 శాతం ఇవ్వాలి. నచ్చకపోతే నిర్ణయం వెలువడిన 30 రోజుల్లో టాక్స్ కోర్టుకు వెళ్లవచ్చు. షరతులేమిటంటే, వివాదంలో ఉన్న పన్ను, వడ్డీ, పెనాల్టీ అన్నీ కలిపి 2 మిలియన్ డాలర్లు దాటాలి. ఎగవేసినవాడు వ్యక్తి అయితే సంబంధిత సంవత్సరాల్లో ఒక్కదాంట్లోనైనా అతని స్థూల ఆదాయం 2 లక్షల డాలర్లు దాటి ఉండాలి. ఈ గీత కింద ఉన్నవి పాత 7623(ఎ) దారిలో వెళతాయి. అక్కడ హక్కూ లేదు, కోర్టూ లేదు.

చట్టం వచ్చిన కొద్ది నెలలకే, 2007లో, బర్కెన్‌ఫెల్డ్ లాయర్లతో వాషింగ్టన్ చేరాడు. అక్కడ జరిగిన పొరపాటే ఈ కేసులో నేర్చుకోవలసిన పెద్ద పాఠం. బహుమతి ఇచ్చేది ఐఆర్‌ఎస్. ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇవ్వగలిగింది న్యాయశాఖ. ఇవి వేర్వేరు తలుపులు. ఒకదాంట్లో మంచిపేరు తెచ్చుకుంటే రెండోది దానంతటదే తెరుచుకోదు.

అతను న్యాయశాఖను రెండు అడిగాడు. ఒకటి ఇమ్యూనిటీ, అంటే కేసు పెట్టబోమన్న హామీ. రెండోది సబ్‌పీనా, అంటే చెప్పక తప్పదనే అధికారిక ఆదేశం. రెండో కోరిక పూర్తిగా సమంజసం. ఆదేశం లేకుండా వివరాలు చెబితే స్విట్జర్లాండ్‌లో జైలు ఖాయం. న్యాయశాఖ ఇమ్యూనిటీకి ఒప్పుకోలేదు. అతను సెనెట్ దర్యాప్తు సబ్‌కమిటీకి, షేర్ మార్కెట్లను నియంత్రించే సెక్యూరిటీస్ కమిషన్‌కు, ఐఆర్‌ఎస్‌కు కూడా సమాచారమిచ్చాడు. బ్యాంకు పద్ధతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ప్రాసిక్యూటర్లకు చెప్పనిది తన సొంత ఖాతాదారుడి సంగతి. కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ వ్యాపారి ఐగర్ ఒలెనికాఫ్‌ను 2001లో తనతోపాటు యూబీఎస్‌కు తెచ్చుకున్నది బర్కెన్‌ఫెల్డే. సుమారు 200 మిలియన్ డాలర్లను దాచడానికి సాయపడింది కూడా అతనే. ఆ పేరు సెనెట్ సబ్‌కమిటీకి చెప్పానని అతని వాదన. న్యాయశాఖ మాత్రం తమ దగ్గర దాచాడని తేల్చింది. ఒలెనికాఫ్ మీద అప్పటికే దర్యాప్తు నడుస్తోంది. 2007 డిసెంబరులో అతను తప్పుడు రిటర్ను దాఖలు చేశానని ఒప్పుకుని 52 మిలియన్ డాలర్లు కట్టాడు. జైలు లేదు, రెండేళ్ల ప్రొబేషన్‌తో సరిపోయింది. 2008 మే నెలలో బర్కెన్‌ఫెల్డ్‌ను బోస్టన్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. జూన్ 19న కుట్ర నేరం ఒప్పుకున్నాడు.

2009 ఆగస్టు 21న శిక్ష ఖరారైంది. బర్కెన్‌ఫెల్డ్ లేకపోతే ఈ వ్యవహారం బయటపడేదే కాదని ప్రాసిక్యూటర్ కెవిన్ డౌనింగే కోర్టులో అంగీకరించాడు. ఒలెనికాఫ్ విషయం దాచినందుకే ఇక్కడ నిలబడ్డాడని కూడా చెప్పాడు. ప్రాసిక్యూషన్ 30 నెలలు అడిగితే జడ్జి 40 నెలలు వేశాడు. డబ్బు దాచినవాడు ఇంట్లో, దాచిన తీరు చెప్పినవాడు జైల్లో! ఆ శిక్ష చూశాక ఎంతమంది బ్యాంకర్లు నోరు మూసుకుని ఉంటారో ఊహించవచ్చు. ప్రభుత్వం తన ప్రయోజనాన్నే దెబ్బతీసుకుంది. అయితే వృత్తిలో ఉన్నవాళ్లు అక్కడితో ఆగకూడదు. ఇన్‌ఫార్మర్ తరఫున నిలబడే లాయరు మొదటి సమావేశానికి ముందే చేయాల్సిన పని, క్లయింటు సొంత చేతులకంటిన మట్టి మొత్తం కాగితం మీద పెట్టించడం. తేదీలు, మొత్తాలు, ఖాతాదారులు, తను పొందిన కమిషన్, తను సంతకం పెట్టిన ఫారాలు అన్నీ. ఇమ్యూనిటీ చర్చ ఆ కాగితం మీద నడవాలి. బ్యాంకు గురించి వంద చెప్పి తన గురించి ఒక్కటి దాచినా ఆ ఒక్కటే కేసవుతుంది.

చట్టంలోని ఒక పదబంధం మాత్రం అతన్ని కాపాడింది. ఎగవేతను ‘పథకం వేసి మొదలుపెట్టినవాడు’ అయితే బహుమతి తగ్గించవచ్చు. ఆ పాత్రకు సంబంధించి నేరం రుజువైతే అసలు ఇవ్వకూడదు. నేరంలో పాల్గొన్న ప్రతివాడికీ ఇది వర్తించదు, రూపకర్తకే వర్తిస్తుంది. బర్కెన్‌ఫెల్డ్ నేరస్థుడే గాని పథక రచయిత కాదు. అందుకే కుట్ర నేరంలో శిక్ష పడ్డా బహుమతి పోలేదు.

సమాచారం సమన్లుగా మారిన తీరు

నేరాంగీకారం జరిగి రెండు వారాలు కాకముందే, 2008 జులై 1న, మయామీ ఫెడరల్ కోర్టు యూబీఎస్ మీద ‘జాన్ డో సమన్ల’కు అనుమతి ఇచ్చింది. పేరు తెలియని పన్ను చెల్లింపుదారుల వివరాలు ఇవ్వమని మూడో వ్యక్తిని అడిగే సమన్లు ఇవి. 7609(ఎఫ్) సెక్షన్ కింద మూడు విషయాలు చూపించాలి. గుర్తించదగిన ఒక వర్గం మీద దర్యాప్తు జరుగుతోందని, ఆ వర్గం చట్టం పాటించలేదనుకోవడానికి తగిన కారణం ఉందని, ఆ వివరాలు వేరే చోట సులభంగా దొరకవని.

మొదటిదీ మూడోదీ కష్టం కాదు. రెండోదే అసలు పరీక్ష. స్విట్జర్లాండ్‌లో ఖాతా ఉండటం నేరం కాదు గనక ‘ఖాతా ఉంది కాబట్టి అనుమానం’ అంటే కోర్టు ఒప్పుకోదు. లోపలి మనిషి ప్రమాణం చేసి చెప్పిన పద్ధతి చేతిలో ఉంటే ఆ ఖాళీ నిండుతుంది. ఇన్‌ఫార్మర్ సమాచారాన్ని తూకం వేసేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఒక్క ఖాతాదారుకు నోటీసు ఇవ్వడానికే ఇది సరిపోతుందా, లేక ఒక వర్గం మొత్తం మీద సమన్లకు పునాది అవుతుందా? రెండోదైతే విలువ వందల రెట్లు.

2009 ఫిబ్రవరి 18న యూబీఎస్ ప్రాసిక్యూషన్ వాయిదా ఒప్పందానికి (షరతులు పాటిస్తే విచారణ జరపకుండా వదిలేసే ఒప్పందం) వచ్చి 780 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మర్నాడే ప్రభుత్వం సుమారు 52,000 ఖాతాల వివరాల కోసం సమన్లు అమలు చేయమని దావా వేసింది. చివరికి ఆగస్టులో రెండు ప్రభుత్వాల మధ్య రాజీ కుదిరి 4,450 ఖాతాల దగ్గర ఆగింది. సంఖ్య పడిపోయినట్టు కనిపిస్తుంది గానీ, ఏరింది పెద్ద మొత్తాలున్నవీ, మోసం లక్షణాలున్నవీ. మధ్యలో స్విస్ కోర్టు అడ్డుపడితే 2010 జూన్‌లో స్విస్ పార్లమెంటు ఆమోదంతో దారి మళ్లీ తెరుచుకుంది.

ఎవరి పేరు ఆ 4,450లో ఉందో ఖాతాదారులకు తెలియకపోవడం ఐఆర్‌ఎస్‌కు కలిసొచ్చింది. సరిగ్గా ఆ సమయంలో స్వచ్ఛంద వెల్లడి పథకం నడిపింది. 2009 అక్టోబరు గడువులోగా దాదాపు 15,000 మంది వచ్చి ఒప్పుకున్నారు. 2018 సెప్టెంబరులో పథకం మూసేనాటికి 56,000 మందికి పైగా, 11.1 బిలియన్ డాలర్లు. ఎగవేతదారులకు దొరికిపోతామన్న భయం, బయటపడే దారి రెండూ ఒకేసారి కనిపించాలి. ఒకటి లేకుండా రెండోది పెడితే ఫలితం తగ్గుతుంది.

104 ఎలా వచ్చింది

ఇక లెక్క. 780 మిలియన్లలో 380 మిలియన్లు బ్యాంకు అక్రమంగా ఆర్జించిన లాభాల వాపసు. మిగిలిన 400 మిలియన్లు పన్ను, వడ్డీ, పెనాల్టీల కింద. బహుమతికి లెక్కలోకి వచ్చింది ఈ 400 మాత్రమే. దాని మీద 26 శాతం వేస్తే 104 మిలియన్లు. స్వచ్ఛంద పథకంలో వేలమంది కట్టిన బిలియన్లు ఆ గుణకారంలో ఎక్కడా లేవు. అతని మాట వల్లే వాళ్లు భయపడి వచ్చారన్నది లోకానికి తెలుసు. ‘ఈ సమాచారం ఆధారంగా వసూలైంది’ అని చట్టం అడిగే లంకె మాత్రం వేరు.

ఆ లంకె ఎంత బిగువుగా చూడాలన్నది చాలాకాలం వివాదం. 2016లో టాక్స్ కోర్టు పేరు వెల్లడించని ఇద్దరు ఇన్‌ఫార్మర్ల కేసులో ఒక తీర్పు ఇచ్చింది. వాళ్ల సమాచారం వల్ల ఒక సంస్థ సుమారు 74 మిలియన్ డాలర్లు కట్టింది. అందులో పన్ను నష్టపరిహారం 20 మిలియన్లే గనక దాని మీదే బహుమతి అని ఐఆర్‌ఎస్ పట్టుబట్టింది. క్రిమినల్ జరిమానా, జప్తు సొమ్ము కూడా లెక్కలోకి వస్తాయని కోర్టు తేల్చింది. 24 శాతం చొప్పున బహుమతి 17.8 మిలియన్లయింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు దీన్నే చట్టంలో రాసింది. విదేశీ ఖాతాలను వెల్లడించే ఎఫ్‌బార్ అనే నివేదిక ఎగ్గొట్టినందుకు పడే పెనాల్టీలు కూడా చేరాయి. ఆఫ్‌షోర్ కేసుల్లో ఇది చాలా పెద్ద మార్పు. ఉద్దేశపూర్వకంగా ఎఫ్‌బార్ ఎగ్గొడితే పెనాల్టీ ఖాతా నిల్వలో సగం దాకా వెళ్లవచ్చు. ఎగ్గొట్టిన పన్ను కన్నా ఈ పెనాల్టీయే ఎక్కువుండే కేసులు బోలెడు.

శాతం ఎలా నిర్ణయిస్తారంటే, 2014 నిబంధనల ప్రకారం 15తో మొదలుపెట్టి, అనుకూలమైనవి ఉంటే 22కో 30కో పెంచి, ప్రతికూలమైనవి ఉంటే మళ్లీ తగ్గిస్తారు. వెంటనే చెప్పడం, శాఖకు అంతవరకూ తెలియని పద్ధతి బయటపెట్టడం, దర్యాప్తు పొడవునా సహకరించడం పెంచేవి. ఆలస్యం చేయడం, తనూ లాభపడటం, సూచనలు పాటించక కేసు చెడగొట్టడం తగ్గించేవి. సమాచారంలో ముఖ్యభాగం కోర్టు రికార్డుల్లోనో పత్రికల్లోనో ముందే ఉంటే గరిష్ఠం 10 శాతం. వచ్చిన బహుమతికి ఆదాయపు పన్ను కట్టాలి. లాయరు ఫీజు మినహాయించుకోవచ్చు. బడ్జెట్ కోత చట్టం కింద ఇటీవలి సంవత్సరాల్లో చెల్లింపు నుంచి 5.7 శాతం ముందే తెగిపోతోంది.

ఇక కాలం. ఎగవేతదారుడి అప్పీళ్లన్నీ ముగియాలి, కట్టిన సొమ్ము వాపసు అడిగే గడువు దాటాలి, అప్పుడే చెల్లింపు. యూబీఎస్ విషయంలో బ్యాంకు ఒప్పందంతో కట్టేసింది గనక మూడున్నరేళ్లలో తేలింది. మామూలు కేసుల్లో పదేళ్లు దాటడం సాధారణం. ఉద్యోగం పోగొట్టుకుని, ఆ డబ్బు మీద ఆశతో అప్పులు చేసి చితికిపోయేవాళ్లుంటారు. ఈ మాట క్లయింటుకు మొదటిరోజే చెప్పాలి.

ఫారం 211 ఎక్కడ తిరగబడుతుంది

బహుమతి కోసం ఐఆర్‌ఎస్‌కు పెట్టుకునే దరఖాస్తు ఫారం 211 చూడటానికి చిన్నదే. అబద్ధమైతే శిక్షార్హమన్న ప్రమాణంతో ఇన్‌ఫార్మరే స్వయంగా సంతకం చేయాలి. లాయరు చేయకూడదు, ఆకాశరామన్న పేరుతో కుదరదు. ఇద్దరు కలిసి ఇస్తే ఇద్దరి సంతకాలూ కావాలి. ఫారంలో ఉండేది ఒక పేజీ కథ, వెనక జతచేసేదే అసలు సరుకు: ఎగవేతదారుడెవరు, ఏ సంవత్సరాలు, ఏ ఖాతా, ఎంత, ఆ విషయం తనకెలా తెలిసింది, పత్రాలు ఉంటే అవి, లేకపోతే ఎక్కడ ఎవరి దగ్గర దొరుకుతాయి.

ఎక్కువ దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది అనుమానం రాసి ఆధారం రాయకపోవడం వల్ల. ‘జీతం ఇంత, బంగళా అంత, ఎక్కడో దాచుంటాడు’ అనేది ఈర్ష్యలాగే చదవబడుతుంది. కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ దేశం, బ్యాంకు శాఖ, డబ్బు వెళ్లిన ఒక్క వైరు బదిలీ తేదీ ఉన్నా దర్యాప్తు అధికారికి చేతికి అందే కొస దొరుకుతుంది. రెండో కారణం కాలపరిమితి. మామూలుగా పన్ను మదింపుకు మూడేళ్లు, విదేశీ ఆస్తుల మీద 5,000 డాలర్లకు పైబడిన ఆదాయం దాస్తే ఆరేళ్లు, మోసమైతే పరిమితి లేదు. కాబట్టి దరఖాస్తులో మోసాన్ని చూపించే వాస్తవాలు, అంటే నకిలీ ఫారం, బినామీ డైరెక్టర్లు, చెరిపేసిన మెయిళ్లు, ముందు పేజీలోనే ఉండాలి. 2022లో ఒక అప్పీళ్ల కోర్టు తీర్పు తర్వాత, ఐఆర్‌ఎస్ ఆదిలోనే తోసిపుచ్చిన దరఖాస్తు మీద టాక్స్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. మొదటి దెబ్బకే సరిగ్గా రాయడం ఇప్పుడు మరీ అవసరం.

పత్రాల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. తన చేతికి సహజంగా వచ్చిన కాగితాలు ఇన్‌ఫార్మర్ తెచ్చి ఇవ్వవచ్చు. ‘ఇంకా తీసుకురా’ అని అధికారి పురమాయిస్తే అతను ప్రభుత్వ ఏజెంటు అయిపోతాడు, వారంటు లేని సోదా అన్న ప్రశ్న పుడుతుంది. కంపెనీ తన లాయర్లతో జరిపిన, చట్టం గోప్యత ఇచ్చే ఉత్తరప్రత్యుత్తరాలు కలగలిపి ఇస్తే దర్యాప్తు బృందమంతా అంటుపడిపోతుంది. వాటిని వేరే కవర్లో పెట్టి, ఉన్నాయని మాత్రమే చెప్పాలి. ఇచ్చాక ఏళ్ల తరబడి మౌనమే ఉంటుంది. కేసు పరిశీలనకు వెళ్లిందనీ, పన్ను వసూలైందనీ కనీసం తెలియజేయాలన్న నియమం, ఉద్యోగంలో కక్షసాధింపు నుంచి రక్షణ, రెండూ 2019లో వచ్చాయి. అమెరికా పౌరుడే కానక్కర్లేదు గనక హైదరాబాదులో కూర్చున్నవాడైనా ఫారం 211 పంపవచ్చు.

జర్మనీ ముందే కొన్నది

జర్మనీది పూర్తిగా వేరే దారి. వసూలయ్యాక వాటా కాదు, సరుకు చూసి అక్కడికక్కడే ధర. లీచ్‌టెన్‌స్టీన్ ఎల్‌జీటీ బ్యాంకు మాజీ ఉద్యోగి హైన్రిక్ కీబర్ దగ్గర 2006లో జర్మన్ గూఢచారి సంస్థ నాలుగు మిలియన్ యూరోలకు పైగా ఇచ్చి డేటా కొంది. 2008 ఫిబ్రవరిలో జర్మన్ తపాలా సంస్థ డాయిష్ పోస్ట్ అధిపతి క్లాస్ జుమ్‌వింకెల్ ఇంటి మీద సోదాతో అది లోకానికి తెలిసింది. దొంగసరుకు మీద ఆధారపడి వారంటు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు 2010లో రాజ్యాంగ కోర్టు ఇవ్వవచ్చనే చెప్పింది. తర్వాత నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం వరసగా డిస్కులు కొనుక్కుంటూ పోయింది. దాంతో 2012లో స్విట్జర్లాండ్ ఆ రాష్ట్ర పన్ను అధికారులు ముగ్గురి మీద అరెస్టు వారంట్లే జారీ చేసింది. ముందే కొనడం వల్ల ఇన్‌ఫార్మర్ పదేళ్లు కాచుక్కూర్చోనక్కర్లేదు. సరుకు పుచ్చిపోతే నష్టం ఖజానాకే. దర్యాప్తులో అడుగడుగునా దారి చూపే మనిషీ చేతిలో ఉండడు.

మన దగ్గర

ఆ ఎల్‌జీటీ డేటాలోంచే 2009లో జర్మనీ భారత్‌కు 26 పేర్లు ఉచితంగా ఇచ్చింది. హెచ్‌ఎస్‌బీసీ జెనీవా శాఖ నుంచి అక్కడి ఉద్యోగి ఎర్వే ఫాల్చియానీ బయటికి తెచ్చిన డేటాలోంచి 2011లో ఫ్రాన్స్ 628 పేర్లు ఇచ్చింది. పేర్లు వచ్చాయి, పద్ధతి రాలేదు. దొంగిలించిన డేటా ఆధారంగా అడిగితే వివరాలు ఇవ్వబోమని స్విస్ అధికారులు అన్నారు. ఒప్పందాల్లోని గోప్యత నిబంధన వల్ల పేర్లు బయటపెట్టడమే సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి వివాదమైంది. 2011 జులైలో కోర్టు ఆదేశించిన ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) 2014 మేలో గాని ఏర్పడలేదు. అక్రమంగా సేకరించిందనే ఒక్క కారణంతో సాక్ష్యం చెల్లకుండా పోదని 1974 నాటి పూరన్‌మల్ తీర్పు మన దగ్గర ఉంది. చిక్కు సాక్ష్యం చెల్లుబాటులో లేదు. విదేశాల నుంచి వచ్చిన ఖాతా వివరాల ‘బేస్ నోట్’ కాగితం వెనక ఖాతా ఎవరు తెరిచారు, ఎవరు నడిపారు అని చెప్పే మనిషి లేకపోవడంలో ఉంది.

2015 నల్లధనం చట్టం పళ్లున్న చట్టమే. దాచిన విదేశీ ఆస్తి విలువ మీద 30 శాతం పన్ను, దానికి మూడింతల పెనాల్టీ, మొత్తం 120 శాతం. ఉద్దేశపూర్వక ఎగవేతకు మూడు నుంచి పదేళ్ల జైలు. 2018 జూన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ఇన్‌ఫార్మర్ల పథకం ప్రకటించింది. దేశంలోని పన్ను ఎగవేతకు 50 లక్షల దాకా, విదేశాల్లో దాచిన ఆదాయం, ఆస్తులకు 5 కోట్ల దాకా బహుమతి. విదేశీయులూ సమాచారమివ్వవచ్చు. నిర్ణీత నమూనాలో ఇన్వెస్టిగేషన్ విభాగం ఉన్నతాధికారికి ఇస్తే కోడ్ నంబరు కేటాయిస్తారు, పేరు గుట్టుగా ఉంచుతారు, ముందు తాత్కాలిక బహుమతి, వసూలయ్యాక తుది బహుమతి.

ఈ పథకంలో లోపం పరిమితి దగ్గరే ఉంది. వెయ్యి కోట్లు వసూలైతే అమెరికా లెక్కన కనీసం 150 కోట్లు. మన దగ్గర 5 కోట్లు. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో పెద్ద జీతంతో ఖాతాలు నడిపే బ్యాంకరు తన వృత్తినీ, అక్కడి చట్టం కింద తన స్వేచ్ఛనూ పణంగా పెట్టి 5 కోట్ల కోసం రాడు. వచ్చేది విడిపోయిన భాగస్వామి, మానేసిన అకౌంటెంటు, ఆస్తి పంపకాల్లో చెడిన బంధువు. వాళ్లకు పేర్లు తెలుస్తాయి గాని బ్యాంకు లోపలి పద్ధతి తెలియదు. పైగా ఇది ప్రభుత్వ ఔదార్యమే గాని హక్కు కాదు. అప్పీలు లేదు, ఇన్‌ఫార్మర్ సొంత తప్పుకు క్షమాపణ హామీ లేదు. బర్కెన్‌ఫెల్డ్‌కు ఎదురైన చిక్కు ఇక్కడ మరింత జటిలం.

ఆటోమేటిక్ సమాచార మార్పిడి వచ్చాక ఇన్‌ఫార్మర్ల అవసరం తీరిపోయిందని కొందరంటారు. అమెరికన్ల విదేశీ ఖాతాల వివరాలు ఐఆర్‌ఎస్‌కు చేర్చే ఫాట్కా చట్టం కింద భారత్-అమెరికా ఒప్పందం 2015లో కుదిరింది, స్విస్ ఖాతాల వివరాలు 2019 నుంచి ఏటా వస్తున్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల హైదరాబాదు, విజయవాడ డిపాజిట్ల వివరాలు కూడా ఈ దారిలోనే వెళుతున్నాయి. అంతకుముందే, 2011లో, హెచ్‌ఎస్‌బీసీ ఇండియాలో ఖాతాలున్న అమెరికా నివాసుల కోసం అవే జాన్ డో సమన్లకు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు అనుమతించింది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలన్న సంగతి అప్పుడే మనవాళ్లలో చాలామందికి తెలిసింది. కానీ ఈ మార్పిడిలో వచ్చేది బ్యాంకు ఖాతాలు, పెట్టుబడులు. సొంత పేరునో బంధువు పేరునో దుబాయ్‌లో కొన్న ఫ్లాటు రాదు. లాకర్లోని బంగారం రాదు. సరుకు విలువ తక్కువ చూపి ఎగుమతి చేసి, తేడాను బయటే ఆపేసుకున్న సంగతి రాదు. ఖాతా తెరిచేటప్పుడు అసలు యజమాని కింద డ్రైవరు పేరు రాయిస్తే, డ్రైవరు పేరే వస్తుంది.